కాళ్లకు పని చెప్పే విమానం

*బ్రేకుల్లేవు, బ్యాటరీ లేదు, ముందున్నది కనిపించదు. 1931లో పుట్టిన టైగర్ మాత్ ఇప్పటికీ పైలట్లకు పాఠాలు చెబుతూనే ఉంది.*

"స్విచ్‌లు ఆఫ్!"

ప్రొపెల్లర్ ముందు నిలబడ్డ మనిషి అరుస్తాడు. వెనక సీట్లో ఉన్న మీరు అదే మాట తిరిగి అరవాలి. స్విచ్‌లు కాక్‌పిట్ లోపల ఉండవు. బయట, విమానం ఒంటి మీద ఉంటాయి. పైకి ఉన్నాయో కిందికి ఉన్నాయో ఎదుటివాడు తన కళ్లతో చూసుకోవాలి కదా! ఆయన చెయ్యి ఆ చెక్క ప్రొపెల్లర్ మీద పెట్టబోతున్నాడు.

ఆయన ఇంజిన్ పక్క మూత ఎత్తి కార్బురేటర్‌ను కాస్త కదిలిస్తాడు. పెట్రోలు పొంగి బొట్లుబొట్లుగా పచ్చిక మీద పడుతుంది. మూత దించి ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాడు. సిలిండర్లు ఒక్కొక్కటే పెట్రోలు పీల్చుకుంటున్న చప్పుడు మీదాకా వినిపిస్తుంది. ఒక అడుగు వెనక్కి వేసి, కాలు నిలదొక్కుకుని, "కాంటాక్ట్!" అంటాడు. మీరు స్విచ్‌లు పైకి నెట్టి "కాంటాక్ట్!" అని బదులిస్తారు. ఆయన ఒక్క ఊపున ప్రొపెల్లర్ రెక్కను కిందికి లాగి, ఆ ఊపులోనే పక్కకు తప్పుకుంటాడు. ఇంజిన్ ఒకసారి దగ్గుతుంది, రెండోసారి అందుకుంటుంది. నూనె కాలిన వాసన, నీలిపొగ, ముఖాన్ని కొట్టే గాలి అన్నీ కలిసి ఒకేసారి వస్తాయి.

చక్రాలకు అడ్డంగా రెండు చెక్కలున్నాయి. అవి తీసేస్తే విమానాన్ని ఆపే సాధనం మీ దగ్గర ఇంకేమీ లేదు.

ఇంగ్లండ్‌లోని ఓల్డ్ వార్డెన్ లాంటి పచ్చిక మైదానాల్లో వేసవి వారాంతాల్లో ఈ కేకలు ఇప్పటికీ వినిపిస్తాయి. అక్కడ ముసలి విమానాలను చూడటానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వెళతారు. కొందరైతే కంప్యూటర్ తెరలున్న కొత్త విమానాలను వారమంతా నడిపి, సెలవు రోజున ఈ గుడ్డ రెక్కల విమానం ఎక్కి చెమటలు కక్కుతారు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలిన నాటి నుంచి పైలట్లు, వాళ్ల శిక్షణ, యంత్రాల మీద ఆధారపడటం గురించి మన ఇళ్లలోనూ మాటలు నడుస్తున్నాయి. ఆ ప్రమాదానికీ ఈ కథనానికీ సంబంధం లేదు. జనం అడుగుతున్న ప్రశ్నకు మాత్రం ఉంది. విమానాన్ని నడిపేది మనిషా, యంత్రమా? 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డరిచ్చాయి. వాటి ముందు సీట్లలో కూర్చోవాల్సిన యువతీయువకులు ఇప్పుడు ఏదో ఒక శిక్షణ పాఠశాలలో ఉన్నారు. వాళ్ల చేతులకు, మరీ ముఖ్యంగా వాళ్ల కాళ్లకు ఏం నేర్పుతున్నాం అన్నది పనికిరాని ప్రశ్నేమీ కాదు. దానికి మంచి జవాబు చెప్పగల పాత పంతులు ఒకరున్నారు.

షెడ్డులో పుట్టిన వంకర రెక్కలు

జెఫ్రీ డి హావిలాండ్ విమానాలు కట్టే ఇంజినీరు. తీరిక దొరికితే సీతాకోకచిలుకలూ రెక్కల పురుగులూ ఆయన లోకం. అందుకే తన చిన్న విమానాలకు మాత్ (రెక్కల పురుగు) అని పేరు పెట్టి జిప్సీ మాత్, పస్ మాత్, లెపర్డ్ మాత్ అని కుటుంబాన్ని పెంచాడు. 1925లో వచ్చిన మొదటి మాత్ సొంతదారులకు నచ్చింది. రెక్కలు మడిచి షెడ్డులో పెట్టుకునే వీలుండేది. బ్రిటిష్ వైమానిక దళం మాత్రం శిక్షణకు అది చాలదంది. ముందు సీట్లోని శిక్షకుడు పారాచూట్ కట్టుకుని ఆపదలో బయటికి దూకాలంటే పై రెక్కా దాన్ని మోసే కమ్మీలూ సరిగ్గా నెత్తిన అడ్డం ఉన్నాయి.

లండన్ శివారు స్టాగ్ లేన్‌లో దానికి మందు కనిపెట్టారు. పై రెక్క నడిమి భాగాన్ని ముందుకు జరిపారు. అలా జరిపితే విమానం తూకం చెడుతుంది. ఆ తూకం సరిచేయడానికి రెక్కల కొసలను వెనక్కి వంచారు. టైగర్ మాత్‌ను పక్కనుంచి చూస్తే రెక్కలు వెనక్కి వాలినట్టు, ఏదో తొందరలో ఉన్నట్టు కనిపించేది అందుకే. వేగం కోసం చేసిన సొగసు కాదది, శిక్షకుడి ప్రాణం కోసం పడిన పాట్లు. 1931 అక్టోబరు 26న హ్యూబర్ట్ బ్రాడ్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపాడు. తర్వాత 8 వేలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, మన దేశం సహా సామ్రాజ్యమంతటా వేలాది మంది పైలట్లకు అక్షరాభ్యాసం దీని మీదే జరిగింది.

ఇంజిన్‌దీ తలకిందుల వ్యవహారమే. జిప్సీ మేజర్‌లో నాలుగు సిలిండర్లు ఉంటాయి, నాలుగూ కిందికి వేలాడుతుంటాయి. అలా తిరగేస్తే ప్రొపెల్లర్ ఎత్తులో ఉంటుంది, పైలట్‌కు ముందు చూపు కాస్త మెరుగవుతుంది. కాస్తే సుమా.

> టైగర్ మాత్ కొలతలు
> ఇంజిన్: జిప్సీ మేజర్, 130 హార్స్‌పవర్
> రెక్కల వెడల్పు: 8.94 మీటర్లు
> పొడవు: 7.29 మీటర్లు
> ఖాళీ బరువు: సుమారు 506 కిలోలు
> గరిష్ఠ వేగం: గంటకు 175 కిలోమీటర్లు
> ఒంటికి: ఉక్కు గొట్టాల చట్రం, చెక్క, రంగు పూసిన గుడ్డ
> పెట్రోలు ట్యాంకు: పై రెక్క మధ్యలో. పంపు లేదు, పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగుతుంది.

నేల మీదే మొదటి పరీక్ష

ఎగరడం సంగతి తర్వాత. ముందు మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి చేరాలి.

తోక నేలకు ఆని ఉంటుంది, ముక్కు ఆకాశం వైపు లేచి ఉంటుంది. వెనక సీట్లోంచి చూస్తే ఎదురుగా ఇంజినూ, దాని వెనక శిక్షకుడి తలా. దారి కనిపించదు. అందుకని నేరుగా వెళ్లరు, పాము నడకగా ఎడమకూ కుడికీ మలుపులు తిప్పుతూ ప్రతి మలుపులో పక్కకు తొంగిచూస్తూ వెళతారు. తోక కింద చక్రం ఉండదు, ఇనుప తొడుగున్న చిన్న ఊతకర్ర ఉంటుంది. అది పచ్చికను గీరుకుంటూ వస్తుంది. బ్రేకన్నా అదే, చుక్కాని అన్నా అదే. సిమెంటు రన్‌వే మీద దానికి పట్టు దొరకదు. అందుకే ఈ విమానానికి గడ్డి నేల అంటే ప్రాణం. కెనడావాళ్లు తమ వాటికి తోకచక్రం, బ్రేకులు, చలికి పైకప్పు పెట్టుకున్నారు. తక్కినవాళ్లు ఊతకర్రతోనే కానిచ్చారు.

గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, తోక మీది పెద్ద రడ్డర్ (కాళ్లతో తిప్పే చుక్కాని) దాన్ని పట్టుకుని విమానం ముక్కును గాలివాటుకు తిప్పేస్తుంది. పైలట్ ఎటు పోవాలనుకున్నాడో దానికి అనవసరం. అలాంటి రోజుల్లో ఇద్దరు మనుషులు చెరో రెక్క కొస పట్టుకుని వెంట నడవాలి.

పరుగు మొదలయ్యాక ఇంకో మెలిక. కాక్‌పిట్‌లోంచి చూస్తే ఈ ఇంజిన్ ఎడమవైపు తిరుగుతుంది. అంచేత విమానం కుడికి లాగుతుంది, ఎడమకాలితో ఆపాలి. ఇవాళ శిక్షణలో ఎక్కువగా వాడే అమెరికన్ ఇంజిన్లు దీనికి ఎదురుగా, కుడివైపు తిరుగుతాయి. వాటి మీద నేర్చుకున్నవాడి కుడికాలు అలవాటు కొద్దీ ముందుకు పోతుంది. వేల గంటలు ఎగిరిన అనుభవజ్ఞుడు గడ్డి మైదానంలో అడ్డదిడ్డంగా వెళుతుంటే చూసేవాళ్లకు నవ్వొస్తుంది, ఆయనకు రాదు.

అసలు చిక్కంతా బరువు ఎక్కడుందన్న దాంట్లో ఉంది. ముందు రెండు చక్రాలూ విమానం బరువుకు ముందున్నాయి, బరువు వెనక ఉంది. ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించి వెనక్కి నడిపినవాళ్లను అడగండి. ట్రక్కు జానెడు పక్కకు తిరిగిందంటే, పట్టించుకోకపోతే మూరెడు తిరుగుతుంది, ఆ తర్వాత ఎవరి మాటా వినదు. తోక నేలకున్న విమానం దిగేటప్పుడు కూడా అంతే. వంకర చిన్నదిగా ఉన్నప్పుడే కాలితో దిద్దాలి. దిద్దకపోతే వెనకున్న బరువు ముందుకు రావాలని చూస్తుంది, విమానం ఉన్నచోటే గిర్రున తిరిగి రెక్క కొస నేలకు కొట్టుకుంటుంది. చాలా టైగర్ మాత్‌ల కింది రెక్కలకు అతుకులు పడింది ఇలాగే.

చెంపకు గాలి తగిలిందా, తప్పు చేశారు

గాల్లోకి లేచాక విమానం హాయిగా ఉంటుంది. మలుపు తిప్పేదాకానే. ఎడమకు తిరగాలని చేతిలోని కర్రను (కంట్రోల్ స్టిక్) ఎడమకు వంచితే ముక్కు మాత్రం ముందు కుడికి జరుగుతుంది!

కారణం కష్టమైనదేమీ కాదు. ఎడమకు వాలాలంటే కుడి రెక్క లేవాలి. రెక్కను లేపడానికి దాని వెనక అంచున ఉన్న ఐలరాన్ కిందికి దిగుతుంది. కిందికి దిగింది కాబట్టి గాలికి అడ్డమూ అవుతుంది. ఆ అడ్డం విమానాన్ని కుడికి లాగుతుంది. పాత విమానాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. డి హావిలాండ్ కంపెనీ దీన్ని తగ్గించడానికి ఒక ఉపాయం చేసింది. కర్రను ఎంత వంచినా పైకి లేచే ఐలరాన్ బాగా లేస్తుంది, దిగేది మాత్రం కొద్దిగానే దిగుతుంది. జబ్బు తగ్గింది గానీ మందు కూడా వికటించింది. నాలుగు రెక్కలున్న విమానానికి ఐలరాన్లు కింది రెండింటికే ఉన్నాయి, వాటిలో ఒకటి సగం పనే చేస్తుంది. దాంతో కర్ర బరువుగా, బద్ధకంగా తయారైంది. కర్ర వంచిన కాసేపటికి గానీ విమానం కదలదు.

కాబట్టి మలుపు కాలితో మొదలుపెట్టాలి. రడ్డర్ ముందు, కర్ర దానితోపాటు. రెండూ కలిస్తే మలుపు నున్నగా వస్తుంది. కలవకపోతే చెప్పడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. కాక్‌పిట్‌కు పైకప్పు లేదు. ఎడమ మలుపులో కాలి ఒత్తిడి చాలకపోతే విమానం లోపలికి జారుతుంది, ఎడమ చెంపకు గాలి కొడుతుంది. కాలు ఎక్కువైతే బయటికి జారుతుంది, కుడి చెంపకు కొడుతుంది. రెండు చెంపలకూ సమానంగా ఉంటే మలుపు బాగున్నట్టు. ముందు సీటులోని శిక్షకుడి చెంపలకు కూడా అదే గాలి తగులుతుంది కనుక బుకాయించే వీల్లేదు. తప్పు ఆయనకు తెలిసిన మరుక్షణం చెవికి తగిలించిన రబ్బరు గొట్టంలోంచి తిట్లు వస్తాయి. రేడియో లేని ఆ రోజుల్లో ఇద్దరి మధ్యా మాటలు నడిచింది ఆ గొట్టంలోంచే.

టైగర్ మాత్‌ను ఎగరేయడం తేలిక, బాగా ఎగరేయడం కష్టం అని పైలట్లలో ఒక మాట ఉంది. వైమానిక దళాలకు కావలసిందీ అదే. మరీ మొండి విమానమైతే విద్యార్థి చస్తాడు, మరీ మంచిదైతే ఏమీ నేర్చుకోడు. ఇది ప్రాణం తీయకుండా పరువు తీస్తుంది.

నెమ్మదితనం నేర్పే భయం

వేగం బాగా తగ్గిపోతే ఏ విమానమైనా రెక్కల మీద గాలి పట్టు తప్పి పడిపోతుంది. దాన్నే స్టాల్ అంటారు. టైగర్ మాత్ పై రెక్కల ముందు అంచున చిన్న పలకలుంటాయి. వేగం తగ్గగానే అవి వాటంతటవే ముందుకు తెరుచుకుని రెక్కకు ఇంకాస్త ఊపిరి పోస్తాయి. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు, గాలి ఒత్తిడే వాటిని తెరుస్తుంది. పల్టీలు కొట్టేటప్పుడు, నేల మీద నడిపేటప్పుడు మాత్రం లివర్ లాగి వాటికి తాళం వేయాలి. పలకల పుణ్యమా అని స్టాల్ మెత్తగా, ముందే చెప్పి మరీ వస్తుంది.

గిరికీలు తిరుగుతూ పడే స్పిన్ సంగతి వేరు. ఈ విమానం కావాలని చేయిస్తే చక్కగా తిరుగుతుంది. ఎదురు రడ్డర్, ఆపైన కర్ర ముందుకు. ఇదే బయటపడే పద్ధతి, దీన్నే విద్యార్థి చేత పదేపదే చేయించేవారు. యుద్ధకాలంలో కొన్ని విమానాలు స్పిన్‌లోంచి తేరుకోవడానికి మొరాయించడంతో తోక ముందు రెండు సన్నని అంచుపట్టీలు బిగించారు. వాటిని ఇప్పటికీ చాలా టైగర్ మాత్‌ల మీద చూడవచ్చు.

తలకిందులైతే ఇంజిన్ ఆగిపోతుంది. పెట్రోలు బరువుతో దిగాల్సిన ఏర్పాటు కదా, తలకిందులయ్యాక పైకి ఎలా దిగుతుంది? ప్రొపెల్లర్ పూర్తిగా నిలిచిపోతే మళ్లీ తిప్పడానికి ఆకాశంలో ఎవరూ నిలబడి ఉండరు. ముక్కు బాగా కిందికి వంచి దూకితే ఎదురుగాలి దాన్ని తిప్పాలి. అందుకు తగినంత ఎత్తు ముందే చూసుకోవాలి. ఇంజిన్ ఆగిన విమానం కూడా ఎగురుతూనే ఉంటుందన్న సంగతి అక్షరాలా ఒంటికి ఎక్కే క్షణం అది.

జనవరి చలిలో ఎనిమిది మంది

ఈ విమానం కథలో నాకు మగ శిక్షకుల కంటే బాగా నచ్చేది ఎనిమిది మంది ఆడవాళ్ల ముచ్చట. 1940 జనవరి 1న పాలిన్ గోవర్ నాయకత్వంలో ఎనిమిది మంది మహిళా పైలట్లను బ్రిటన్ తన విమాన రవాణా సహాయక దళంలోకి తీసుకుంది. కర్మాగారంలో తయారైన విమానాన్ని వైమానిక దళ స్థావరానికి చేర్చడం వాళ్ల పని. అప్పటికే వాళ్లు వందల గంటలు ఎగిరినవాళ్లు. అయినా యుద్ధ విమానాలు ఆడవాళ్లకేమిటని అధికారులు, పత్రికలు గొణిగాయి. వాళ్లకు టైగర్ మాత్‌లు మాత్రమే ఇచ్చారు.

ఆ చలికాలం ఎముకలు కొరికింది. లండన్‌కు ఉత్తరాన ఉన్న హాట్‌ఫీల్డ్ నుంచి స్కాట్లండ్ దాకా పైకప్పు లేని కాక్‌పిట్‌లో ప్రయాణం. తోలుకోటు, చేతులకు తొడుగుల మీద తొడుగులు. మైళ్లకొద్దీ మంచు. ఎదురుగాలి గట్టిగా ఉంటే కింద రోడ్డు మీద మోటార్లు ముందుకు దాటిపోతాయి. పెట్రోలుకు మధ్యలో దిగాలి, మళ్లీ ఎవరో ఒకరు ప్రొపెల్లర్ తిప్పాలి. విమానం అప్పగించాక బరువైన పారాచూట్ భుజాన వేసుకుని రాత్రి రైల్లో వెనక్కి రావాలి, మర్నాడు ఇంకోటి పట్టుకెళ్లాలి.

ఆ శిక్ష లాంటి పని వాళ్లకు ఏం నేర్పిందో తర్వాత తేలింది. 1941లో దళంలోని ఆడవాళ్లకు యుద్ధ విమానాలు ఇవ్వక తప్పలేదు. స్పిట్‌ఫైర్లు, ఆ తర్వాత నాలుగు ఇంజిన్ల బాంబర్లు కూడా నడిపారు. 1943లో మగవాళ్లతో సమాన జీతం సాధించారు. బ్రిటన్ ప్రభుత్వం అలా ఇవ్వడం అప్పటికి అరుదు.

> అబుకిర్‌లో ఒక స్పార్క్ ప్లగ్
> ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయుడికి 500 పౌన్లు ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించాడు. 1930లో జేఆర్డీ టాటా కరాచీ నుంచి లండన్ వైపు, 17 ఏళ్ల ఆస్పీ ఇంజినీర్ అటు నుంచి ఇటు బయల్దేరారు. ఇద్దరివీ రెండు సీట్ల జిప్సీ మాత్‌లే. ఈజిప్టులోని అబుకిర్‌లో ఆస్పీ విమానం స్పార్క్ ప్లగ్ చెడి నిలిచిపోయింది. అక్కడ దిగిన జేఆర్డీ తన దగ్గరున్నది ఇచ్చి ముందుకు వెళ్లాడు. బహుమతి ఆస్పీకి దక్కింది. ఆ కుర్రాడే 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

దిగడం అంత తేలిక కాదు

లేవడం మన ఇష్టం, దిగడం తప్పనిసరి. టైగర్ మాత్‌కు ఫ్లాపులు (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి వాల్చే పలకలు) లేవు. ఎత్తు ఎక్కువై రన్‌వే దగ్గరపడితే ముక్కు వంచితే చాలదు, వేగం పెరిగి విమానం నేలకు జానెడు ఎత్తున తేలుతూ మైదానం దాటిపోతుంది. అందుకు పాతకాలపు విద్య ఒకటుంది. కర్ర ఒక పక్కకు, రడ్డర్ దాని ఎదురు పక్కకు. విమానం గాలికి అడ్డంగా తిరిగి, ఒళ్లంతా బ్రేకుగా మార్చుకుని, వేగం పెరగకుండా మెట్లు దిగినట్టు దిగుతుంది. దీన్ని సైడ్‌స్లిప్ అంటారు. కర్ర ఒకటి చెబితే కాళ్లు ఇంకోటి చెప్పాలి. మలుపులో నేర్చుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

గంటకు 105 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తారు. నేల దగ్గరపడగానే ముక్కు మెల్లగా ఎత్తాలి. ముక్కు ఎత్తగానే రన్‌వే మాయమవుతుంది. అప్పుడు పక్కకు, రెక్క కమ్మీల సందులోంచి గడ్డి ఎంత వేగంగా వెనక్కి పోతోందో చూసి ఎత్తు అంచనా వేయాలి. రెండు చక్రాలూ తోకా ఒక్కసారే నేలను తాకితే అది చక్కటి దిగుడు. ముందే తాకితే కుప్పిగంతు. రెక్కల మధ్య తీగలు, కమ్మీలు గాలిని ఎంత పట్టుకుంటాయంటే ఇంజిన్ తగ్గించిన మరుక్షణం వేగం కరిగిపోతుంది. పక్కగాలి పెరిగితే అనుభవజ్ఞులు కూడా వద్దులే అని కాఫీ తాగుతూ కూర్చుంటారు. అలా కూర్చోవడం కూడా ఒక విద్యే.

767లో సైడ్‌స్లిప్

ఈ పాత విద్యలు జెట్ విమానంలో ఎందుకు పనికొస్తాయని అడగవచ్చు. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి 41 వేల అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం నిండుకుని, రెండు ఇంజిన్లూ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. కిలోలకూ పౌన్లకూ మధ్య లెక్క తప్పి సగం ఇంధనమే పోసుకుని బయల్దేరారు. కెప్టెన్ బాబ్ పియర్సన్ సరదాగా గ్లైడర్లు నడిపేవాడు. గిమ్లీ అనే పాత వైమానిక స్థావరం మీదికి చేరేసరికి ఎత్తు ఎక్కువైంది. ఇంజిన్లు లేవు కాబట్టి ఇంకో చుట్టు తిరిగే ఆశ లేదు. ఆయన అంత పెద్ద జెట్‌ను అడ్డంగా తిప్పి సైడ్‌స్లిప్‌లో దించాడు. అందులోని 69 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

రెండోది విషాదం. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయాయి. ఆటోపైలట్ తనంతట తాను తప్పుకుంది. విమానానికి అప్పటికి మరే జబ్బూ లేదు. పైలట్ కర్రను వెనక్కి లాగాడు, లాగుతూనే ఉన్నాడు. స్టాల్ హెచ్చరిక పదేపదే మోగింది. విమానం మూడున్నర నిమిషాల్లో అట్లాంటిక్‌లో పడి 228 మంది చనిపోయారు. ఎత్తులో ఆటోపైలట్ లేకుండా చేత్తో నడిపే అనుభవం, స్టాల్‌ను గుర్తుపట్టే అభ్యాసం ఆ సిబ్బందికి లోపించాయని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ తేల్చింది. అదే ఏడాది జనవరిలో న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద ఎయిర్‌బస్‌ను దించిన సల్లెన్‌బర్గర్ పదహారేళ్ల వయసులో తోకచక్రమున్న రెండు సీట్ల ఏరోంకా మీద నేర్చుకున్నవాడు.

ఈ మూడు ఉదంతాలతో టైగర్ మాత్ ఎక్కినవాడికి ప్రమాదం రాదని తీర్పు చెప్పేస్తే అది వకాల్తా అవుతుంది. ఇది రేడియో నేర్పదు, ఆటోపైలట్ నేర్పదు, ఇద్దరు పైలట్లు పని పంచుకోవడం నేర్పదు. వాటికి సిమ్యులేటరే మేలు. గాలి ఎలా ఉంటుందో ఒంటికి తెలియజేయడం మాత్రం దీని చేత అవుతుంది, సిమ్యులేటర్ చేత కాదు.

చక్రం ముందుకొచ్చింది, కాళ్లు ఖాళీ అయ్యాయి

1950ల నుంచి చిన్న విమానాల చక్రాల అమరిక మారింది. తోక కింది చక్రం ముక్కు కిందికి వచ్చింది. సెస్నా 172 లాంటివి ఆ దారిలో ఎంతోమందికి ఎగరడాన్ని తేలిక చేశాయి. ఇప్పుడు బరువు రెండు పెద్ద చక్రాలకు ముందుంది, కొంచెం వంకరగా దిగినా విమానం తనంతట తాను సర్దుకుంటుంది. ప్రమాదాలు తగ్గాయి, మంచిదే. రడ్డర్ మీద పెట్టిన కాళ్లు మాత్రం చాప మీద పడుకోవడం నేర్చుకున్నాయి.

మన దేశం కూడా ఆ దారి దాటే వచ్చింది. బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో వి.ఎం. ఘాటగే బృందం రూపొందించిన హెచ్‌టి-2 అనే రెండు సీట్ల శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది. అదీ తోకచక్రం మీద నిలిచేదే. వైమానిక దళంలో టైగర్ మాత్ స్థానాన్ని అదే తీసుకుంది. 1958లో ఎగిరిన పుష్పక్ గుడ్డ రెక్కలతో, పక్కపక్కన రెండు సీట్లతో దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు ఏళ్ల తరబడి దిక్కయింది. ఇవాళ రిటైరైన కెప్టెన్లలో చాలామంది మొదటి ఒంటరి ప్రయాణం దాని మీదే చేశారు. ఇప్పుడు దుండిగల్ అకాడమీలో క్యాడెట్లు ఎక్కేది పిలాటస్. పైలట్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో ఎక్కువ భాగం తెరలు చూస్తూ గడిచిపోతుంది.

> నిజాం ఇచ్చిన రెక్కలు
> డి హావిలాండ్ పేరుతో హైదరాబాద్ బంధం టైగర్ మాత్ కంటే పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ రకం రెండు సీట్ల బాంబర్లను నిజాం కానుకగా ఇచ్చాడు. ఆ దళానికి హైదరాబాద్ పేరే పెట్టారు. జర్మన్ల చేతికి చిక్కిన వాటిలో ఒకటి ఇప్పుడు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బేగంపేటలోనే ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడిచింది. ఇప్పుడు ఎయిర్‌షోలకు జనం చేరే ఆ మైదానం మీదే టైగర్ మాత్‌లు విద్యార్థులను మోశాయి.

భారత వైమానిక దళం తన పాత టైగర్ మాత్ ఒకదాన్ని బ్రిటన్‌లో బాగు చేయించి 2012 అక్టోబరు 8న ఢిల్లీ దగ్గరి హిండన్‌లో వైమానిక దళ దినోత్సవ కవాతులో ఎగరేసింది. జెట్లు గర్జిస్తూ వెళ్లే ఆకాశంలో అది తన నెమ్మది మీద తాను వెళ్లింది. మంచి పనే, ఏడాదికి ఒకసారి చూపించడానికి మాత్రమే సరిపెట్టకూడదని నా అభిప్రాయం.

అందరికీ టైగర్ మాత్ ఇవ్వమని ఎవరూ అడగరు. విడిభాగాలు దొరకడం కష్టం, ప్రొపెల్లర్ తిప్పడం తెలిసినవాళ్లు తక్కువ, పచ్చిక మైదానాలు అంతకంటే తక్కువ. తోకచక్రమున్న కొత్త చిన్న విమానాలు ప్రపంచంలో ఇప్పటికీ తయారవుతున్నాయి, గ్లైడర్లు అంతకంటే చవక. 200 గంటల్లో పది గంటలు వాటికి కేటాయిస్తే శిక్షణ సంస్థలకు తలకు మించిన భారమేమీ కాదు.

పిల్లల్ని పైలట్ కోర్సులో చేర్చబోతున్న తల్లిదండ్రులారా, ఫీజు ఎంత, హాస్టల్ ఉందా, ఉద్యోగం ఇప్పిస్తారా అని ఎలాగూ అడుగుతారు. తోకచక్రం విమానం మీదో గ్లైడర్ మీదో కొన్ని గంటలు ఎగరనిస్తారా అని కూడా అడగండి. ఆ ప్రశ్న నలుగురు అడిగితే ఐదోవాడు చేరేనాటికి షెడ్డులో అలాంటి విమానం ఒకటి ఉంటుంది.